బైండింగ్ విప్పరాదు

సిద్దిపేట నివాసిని, ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థినిని, ఇరవై మూడేళ్ల దేవిక అనే నేను పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. ఈ నెల 21న హైదరాబాదులో నా గుండె కవాటానికి ఆపరేషన్. భయపడి రాస్తున్నానని మా అన్న స్వామి అంటున్నాడు. భయం నిజమే. మతి స్థిరంగా లేదనడానికి అది రుజువు కాదు.

1. నా ఆస్తి పిల్లల బొమ్మల పుస్తకాలు, పాతవి, నూట పన్నెండు. ఆరేళ్లుగా పాత పుస్తకాల దుకాణాల్లో, మూతపడిన బడుల బీరువాల్లో వెతికి తెచ్చినవి. నాలుగో క్లాజులోని ఒక్కటి తప్ప అన్నీ రోజారాణికి చెందుతాయి. ఆమె నా స్నేహితురాలు, డిబేట్ పోటీల్లో నా మొండి ప్రత్యర్థి. వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. నాతో ఏకీభవించనక్కరలేదు, అమలు చేస్తే చాలు.

2. ప్రజ్ఞాపూర్‌లో హోటల్ నడుపుతున్న స్వామికి ఒక్క కాగితమూ చెందదు. బొమ్మలు కోసి, ఫ్రేములు కట్టించి, ఫ్యామిలీ సెక్షన్ గోడలకు పెడతానన్నాడు. "ప్లాస్టిక్ కవర్లల్ల దాస్తే ఎవలు సూస్తరే చెల్లె? గోడకుంటే బిర్యానీ తినేటోళ్లన్న సూస్తరు" అన్నాడు. పదకొండు పోటీలు గెలిచిన నాకు నాలుగు నెలలుగా దీనికి జవాబు దొరకలేదు. ఆపరేషన్ కన్నా ఇదే ఎక్కువ వేధిస్తోంది.

3. కాబట్టి అతని వాదనలో సగం ఒప్పుకుంటున్నాను. కవర్లన్నీ తీసేయాలి. ఏ పిల్లలు అడిగినా పుస్తకం చేతికివ్వాలి. మిగతా సగం చెల్లదు. ఒక బొమ్మను గోడకెక్కిస్తే దాని తర్వాతి బొమ్మ అనాథ అవుతుంది.

4. మేకపిల్ల పుస్తకం మా నాయనమ్మ బాలవ్వకు. బైండర్ మైసయ్య దాని పేజీలు తారుమారుగా కుట్టాడు. అందులో మేకపిల్ల ముందు ఇల్లు చేరుతుంది, తర్వాత తప్పిపోతుంది. చదువురాని బాలవ్వ బొమ్మలు చూస్తూ అదే వరుసలో కథ చెప్పేది. తప్పని నేను అడ్డుపడితే, "ఇల్లు సూసినంకనే గదనే బిడ్డా, తప్పిపోయినమని ఎరుకయ్యేది" అంది. అక్కడా ఓడిపోయాను. ఆ బైండింగ్ ఎవరూ విప్పరాదు. ఆ తారుమారుపై మైసయ్యతో నా తగవు ముగిసింది. అందుకే ఆయన్నే సాక్షిగా పిలిచాను.

5. ఈ పుస్తకాలపై గతంలో నేను పెట్టిన ఆంక్షలన్నీ రద్దు. బాలవ్వ వేలు నాలుకకు అద్దుకొని పేజీ తిప్పుతుంది. మరక పడుతుందని మొన్న దసరాకు ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. అప్పటినుంచి ఆమె కథ చెప్పలేదు. నేను దవాఖానకు పోయేలోగా, వేలు తడి చేసుకొనే, ఆ కథ మళ్లీ చెప్పాలి. ఈ ఒక్క క్లాజు నా మరణానంతరం కాదు, ఈరోజే అమలులోకి వస్తుంది.

సిద్దిపేట, 2025 నవంబర్ 9.
(సంతకం) దేవిక

మా కళ్లెదుట ఆమె సంతకం చేసింది:
మైసయ్య, బైండింగ్ పని, మద్దూరు
రాంచందర్, కళాశాల గ్రంథపాలకుడు