కందిపప్పు డబ్బాలో ఉలవలు

గురువారం, రాత్రి

నిన్న బుధవారీ బజారులో కందిపప్పు ధర విన్నాక ఉలవలు కొనుక్కొచ్చాను. ఈ పొద్దున చారు కాచి, ఆయన రైలు డ్యూటీకి తీసుకెళ్ళే క్యారియర్‌లో పోస్తుంటే అత్త అడ్డుపడింది.

"ఎడ్లకి పెట్టినవి నా కొడుక్కి పెడతావేటి? రన్నింగ్ రూములో తోటి డ్రైవర్లు నలుగురూ చూస్తే సిగ్గు కాదేటి?"

సిగ్గు ధరలు పెంచినవాళ్ళకుండాలి, నాకెందుకు? మూత బిగించి ఇచ్చేశాను.

సాయంత్రం ఆయన ఖాళీ క్యారియర్‌తో వచ్చారు. "అందరూ తలో గరిటె పోసుకున్నారు. నాకు మిగల్లేదు" అన్నారు.

వట్టి అన్నం తిని బండి నడిపారా అని మనసు చివుక్కుమంది. అయినా తగ్గేది లేదు. పెద్ద క్యారియర్ కడిగి పెట్టాను. మిగిలిన ఉలవల్ని అత్త చూస్తుండగానే కందిపప్పు డబ్బాలో పోశాను. మూత ఆవిడే పెట్టింది.