కిందికి రావాలా అంటే పర్లేదన్నాను

గోదావరిఖని,
గురువారం.

అమ్మా,

నీ పాదాలకు నమస్కారం, నొప్పిగా ఉన్న మోకాలి వైపు కాస్త మెల్లగా. నువ్వూ అమ్మమ్మా ఎలా ఉన్నారు? మిషను తొక్కడం తగ్గించావా? నేను క్షేమమే, కంగారు పడకు. ఫోన్లో నువ్వు ఏమడిగినా నా నోట "పర్లేదమ్మా" తప్ప ఇంకో మాట రాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నిన్న ఆ మాటే నా కొంప ముంచబోయింది.

ఇక్కడి ఎండ మన చీరాల ఎండలా చెమట పట్టించదు, నేరుగా మాడ్చేస్తుంది. ఆరేసిన బట్టల మీద బొగ్గు మసి. నువ్వు కుట్టిన తెల్ల చుడీదారు ఇప్పుడు ఏ రంగో నేను చెప్పలేను. ఈసారి ముదురు రంగుది కుట్టు. హాస్టల్ పప్పులో పప్పు కోసం వెతుక్కోవాలి, గోంగూర పచ్చడి పంపు. ఆదివారాలే గడవవు. నా గదిలో అమ్మాయి శ్రీరాంపూర్‌లో వాళ్లింటికి వెళ్లిపోతుంది, నేను గోడలు చూస్తూ కూర్చుంటాను.

నా పని గురించి నీకు సరిగ్గా చెప్పలేదు. ఓపెన్‌కాస్ట్ గని అంటే ఊరంత గొయ్యి. గట్టు మీద గదిలో కూర్చుని, మట్టి, బొగ్గు మోసే బండ్లలో ఏది దిగాలో ఏది ఆగాలో డ్రైవర్లకు వాకీటాకీలో చెప్పాలి. ఉద్యోగానికి సిద్ధం చేస్తామని కాలేజీలో క్లాసులు పెట్టారు కదా, కళ్లలోకి చూడటం, నవ్వుతూ మాట్లాడటం నేర్పారు. ఇక్కడ నా ముఖం ఎవరికి కనబడుతుంది? గొంతు ఒక్కటే పని చేయాలి. "ఇనవస్తలేదు బేటీ, జర గట్టిగ చెప్పు" అని రహీం భాయ్ అనే డ్రైవరు రోజూ మొత్తుకుంటాడు. నన్ను ఉంచాలో పంపాలో ఈ శనివారం మా ఇన్‌చార్జి సాల్మన్ గారు తేలుస్తారు. ఆ భయానికి నా గొంతు ఇంకా లోపలికి పోయింది.

నిన్న మధ్యాహ్నం బ్లాస్టింగ్, అంటే గోతిలో మందు పెట్టి రాయి పేల్చడం. సైరన్ మోగింది, బండ్లన్నీ పైకి వచ్చేశాయి. రహీం భాయ్ అప్పటికే పైన, దూరంగా మట్టి పోస్తున్నాడు. ఇంజను మోతలో సైరన్ వినబడలేదట. "బండి ఖాళీ అయింది బేటీ. కిందికి రావాల్నా?" అని అడిగాడు.

"పర్లేదండీ" అన్నాను.

అక్కర్లేదని నా ఉద్దేశం. మన ఇంటికొచ్చినవాళ్లు కాఫీ వద్దనడానికి అంటారే, అలా. రావచ్చు, ఏం కాదు అని ఆయనకు అర్థమైంది. కిటికీ అద్దంలోంచి చూస్తే బండి గోతిలోకి దిగుతోంది! అమ్మా, ఆ గొంతు నాలో ఎక్కడుందో నాకే తెలియదు.

"ఆపు! రహీం భాయ్, ఆపు! దిగొద్దు!"

బండి ఆగింది. "ఆపిన బేటీ, ఆపిన. పర్లేదంటివి గద?" అన్నాడు.

సాల్మన్ గారు పరుగున వచ్చారు. "గట్ల ఒర్లినవేంది? ఏమైంది?"

బండి అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది. ఆయన ఏమీ చూడలేదు. "ఏం లేదు సార్, పర్లేదు" అనేస్తే అయిపోయేది. శనివారం కళ్ల ముందు ఆడింది. అయినా జరిగిందంతా చెప్పేశాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి బండ్లన్నీ పైనే ఉన్నాయో లేదో చూసుకున్నారు. ఈలోగా బ్లాస్టింగ్ అయ్యింది, గది అద్దాలు అదిరాయి. ఇక దిగొచ్చని రెండో సైరన్ కూడా మోగింది.

"ఇంక చూస్తవేంది? పోయి కుర్చీల కూసో. బండ్లు ఎవరు దింపాలె?" అన్నారు.

నేనే దింపాను. ఒక్కొక్కరికీ "దిగు", "ఆగు" అంతే. రహీం భాయ్ "ఇయ్యాల ఇనవడ్డది బేటీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

శనివారం ఏమంటారో తెలియదు. జరిగింది చిన్నదేం కాదు, పంపేసినా తప్పు పట్టను. కానీ ప్రతి ఫోన్లోనూ "వచ్చేస్తావా, ఉంటావా" అని అడుగుతావు కదా. ఉంటాను. వీళ్లు వద్దంటే ఈ ఊళ్లోనే ఇంకో పని చూసుకుంటాను.

అమ్మమ్మకు నా దణ్ణాలు చెప్పు. శనివారం దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు నన్ను తలుచుకో. వెంటనే జవాబు రాయి. మోకాలు నొప్పిగా ఉందా, లేదా? పర్లేదని మాత్రం రాయకు.

నీ దీవెన కోరే,
సుహాసిని