ఈ బతుకు వరకేనా?

ఎఫ్రయిమ్, యూటా

చెల్లీ జనీల్,

నీతో ఫోనులో మాట్లాడాక ప్రార్థన చేసుకుని ఇది రాస్తున్నాను. నేను చేసుకోబోయే వెర్లన్ మంచివాడని నువ్వూ ఒప్పుకున్నావు. నీ బాధంతా ఆలయంలో వేసే ముద్ర గురించే, చావు తర్వాత కూడా భార్యాభర్తల్ని కలిపి ఉంచే ఆ ముద్ర గురించే. చనిపోయిన మొదటి భార్య మార్వాతో అతనికి ఆ శాశ్వత బంధం ఉంది కనుక, పరలోకంలో నేను రెండో భార్యనవుతానని నీ కోపం. "సంఘంలో మగాళ్లు ఇద్దరు ముగ్గుర్ని చేసుకునే రోజుల్లో మన ముత్తవ్వ మూడో పెళ్లాంగా పడింది చాలదా అక్కా?" అన్నావు.

ఆ సంగతే వెర్లన్‌తో అన్నాను. తల గోక్కున్నాడు.

"అక్కడి సంగతి నాకేం తెలుసు? పోనీ, ముద్ర లేకుండా ఈ బతుకు వరకే చేసుకుందామా?"

"అక్కడ మీరిద్దరూ కబుర్లాడుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడాలా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మార్వా, నేను ప్రార్థనామందిరంలో ఒకే పుస్తకం పట్టుకుని పాడేవాళ్లం. నేను శ్రుతి తప్పితే మోచేత్తో పొడిచేది. పరలోకంలో ఏర్పాటు ఏమిటో నాకూ తెలియదు. ఆమె ఉన్న ఇల్లంటే మాత్రం నాకు భయం లేదు.

నువ్వు సంఘాన్ని వదిలేశావు కనుక నిన్ను ఆలయంలోకి రానివ్వరు. అందుకే శుక్రవారం మన ఇంటి వరండాలో పెళ్లి, శనివారం ఆలయంలో ముద్ర. బిషప్ గారు సరేనన్నారు. ముద్రను నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. నువ్వు అలిగి రాకపోయినా పెళ్లి ఆగదు. కానీ జనీల్, వరండాలో పెట్టించింది నీకోసమే.

నీ అక్క