ట్రామ్ పట్టాల కింది ఊళ్లు

మంగళవారం, గల్ఫ్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని నా గదిలో

భోజన విరామంలో ఘనత వహించిన ట్రామ్ సైట్ ఇంజనీరు, అనగా నేను, మా పట్టాల పనివాళ్లకు చరిత్ర బోధించాను. విక్టోరియా రాణి నాటి ఓ ఇంగ్లిషు ఊళ్లో గుర్రాలు లాగే ట్రామ్ కంపెనీ ఉండేదని, కరెంటు ట్రాములు రాగానే మూతపడిందని చెప్పాను.

"మరి గుర్రాలేమైనయి సారూ?" అన్నాడు జగిత్యాల రాజన్న.

"పుస్తకంలో రాయలేదు రాజన్నా."

"మన సంగతి గూడ రాయరు తియ్. వరల్డ్ కప్ మొదలుగాకముందే యల్లా, ఇగ నడువుండ్రి అంటరు."

అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికి పంపేవాళ్ల జాబితా నిన్న టైపు చేసింది నేనే. మొదటి పేరు రాజన్నది. వాళ్లకింకా చెప్పలేదు.

కాంక్రీటు పోసేముందు పట్టాల కింది దిమ్మెల మీద సుద్దతో సొంతూరి పేరు రాయడం మావాళ్ల ఆచారం. మొదటి ఏడాది రాజన్న వాటి మీద నడుస్తూ, "కోరుట్ల దిగుండ్రి! మెట్‌పల్లి దిగుండ్రి!" అని కండక్టరులా అరిచేవాడు. అంత ఎండలోనూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఈ సాయంత్రం ఆఖరి దిమ్మె. రాజన్న సుద్ద నా చేతిలో పెట్టాడు.

"ఈసారి మీ ఊరు రాయుండ్రి సారూ. లిస్టుల నా పేరున్నదని మీ మొఖం జూస్తెనే తెలుస్తున్నది."

గుంటూరు అని రాశాను. రాజన్న సుద్ద తీసుకుని జేబులో వేసుకుని, కాంక్రీటు పొయ్యమని చెయ్యి ఊపాడు.