హాబ్, డాబ్, నేలు

ఆగస్టు 7, 1983, ఆదివారం

చర్చి నుంచి వచ్చి మూడో చాప్టరు మొదలుపెట్టాను. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే డిసెంబరు మొదటి వారంలో ఎం.ఫిల్. థీసిస్ సబ్మిట్ చెయ్యాలి. గైడు చెంచురామయ్య గారు మొన్న మళ్ళీ అడిగారు, ఎవరికి కావాలమ్మా ఈ ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల గొడవ, ఏదో ఒక నవల పట్టుకుంటే ఈపాటికి అయిపోయేది కదా అని. ఆయనకు ఏం చెప్పను. లైబ్రరీలో అటకెక్కించిన పుస్తకం ఒకటి దించి చదివాను, పట్టుకుంది, వదల్లేదు.

తమ్ముడు ఇమ్మానియేలు పక్కన చాప మీద కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళు వాడికి. జిన్నింగు మిల్లులో కాటా గుమస్తా పని పోయి ఏడాదైంది. అమ్మ చనిపోయిన దగ్గర్నుంచీ మనసు నిలకడగా లేదు. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటే నిద్ర. మానేస్తే నడక. రోడ్డు పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. ఒకసారి చిలకలూరిపేట దగ్గర పత్తి చేలో పడుకుని ఉంటే ఎవరో రిక్షాలో తెచ్చి దించారు.

ఏం రాస్తున్నావక్కా అని అడిగాడు. చెప్పాను. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో పేర్లు తక్కువ. ఒక్క ఊళ్ళోనే పదిమంది రాబర్టులు. అందుకని ఇంట్లో పిలిచే ముద్దుపేర్లతోనే ఊరంతా పిలిచేది. ఒకడు రాబ్, ఒకడు హాబ్, ఒకడు డాబ్. పన్నులు రాసుకునే గుమస్తా వచ్చి నువ్వెవరివి అంటే హాబ్ కొడుకుని అనేవాడు. గుమస్తా హాబ్సన్ అని రాసేవాడు. డాబ్ కొడుకు డాబ్సన్. వాల్టరు వాట్ అయ్యాడు, వాడి కొడుకు వాట్సన్. రిచర్డు హిక్ అయ్యాడు, వాడి కొడుకు హిక్సన్. ముద్దు ఇంకా ఎక్కువైతే చివర కిన్ తగిలించేవాళ్ళు, అట్లా హాప్‌కిన్స్, వాట్‌కిన్స్. తల్లుల పేర్లూ నిలిచాయి. మటిల్డాని టిల్ అన్నారు, టిలట్ అన్నారు, ఆమె కొడుకు టిలట్సన్. చంటిపిల్లల్ని ఎత్తుకుని పిలిచిన పిలుపులు ఇవాళ టెలిఫోన్ డైరెక్టరీల్లో ఉన్నాయి.

వాడు నవ్వాడు. ఎన్నాళ్ళకో. హాబ్, డాబ్, వాట్, హిక్ అని వేళ్ళు ముడుస్తూ చెప్పాడు.

ఆగస్టు 21, ఆదివారం

వాడికి అన్నీ వచ్చేశాయి. గిల్బర్ట్ అంటే గిబ్, రోజర్ అంటే హాడ్జ్ అని నేను అడగకముందే చెబుతున్నాడు. నాన్న సంతోషపడ్డారు. నాన్న జక్రయ్య గారు మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు టీచరు. ఇప్పుడు చూపు మసక. ఆ మాత్రల కంటే నీ థీసిస్సే నయం అన్నారు.

మనకేం వస్తుందక్కా అని అడిగాడు ఇమ్మానియేలు. నేలు కొడుకు నేల్సన్ అవుతాడా అన్నాడు. చిన్నప్పుడు వాడికి సొంత పేరు నోరు తిరిగేది కాదు. ఇమ్మానియేలులో చివర ముక్క ఒక్కటే పలికేవాడు, నేలు అని. అమ్మ అదే పేరు ఖాయం చేసింది. వాడు హైస్కూల్లో చేరాక ఇంట్లో మాన్పించింది నేనే, బయట నవ్వుతారని. అమ్మ మాత్రం మానలేదు. అమ్మ పోయి నాలుగేళ్ళు.

ఊరికే ఉండరా అన్నాను.

సెప్టెంబరు 30

ఫుట్‌నోట్లు. ఫుట్‌నోట్లు. మాత్రలు వేసుకుంటున్నాడో లేదో ఈ నెల చూసుకోలేదు.

అక్టోబరు 9, ఆదివారం

పొద్దున్నుంచీ వాన. టైపిస్టు ఇచ్చిన ముప్ఫై పేజీల్లో తప్పులు. దిద్దుతుంటే వాడు పక్కనే కూర్చుని హాబ్, డాబ్, వాట్, హిక్ అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. ఆపరా అంటే ఒక్క నిమిషం ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. పేజీ నంబర్లు తప్పు వేశాను. కాసేపు బయటికి పోరా అన్నాను. ఎటు పోనక్కా అన్నాడు. నేను తలెత్తలేదు. ఎటైనా పో, నన్ను రాసుకోనియ్యి అన్నాను.

చెప్పులు వేసుకున్న చప్పుడు వినబడింది. వాన తగ్గాక వస్తాడు.

అక్టోబరు 10, ఉదయం 6

రాలేదు.

అక్టోబరు 12, బుధవారం

పోలీస్ స్టేషన్లో కంప్లైంటు ఇచ్చాను. రైటరు మర్యాదగానే రాసుకున్నాడు. పేరు ఇమ్మానియేలు, తండ్రి జక్రయ్య, వయసు 27, చామనఛాయ, నీలం చొక్కా. వేరే పేరేమన్నా ఉందా మేడం అని అడిగాడు. లేదన్నాను.

అక్టోబరు 16, ఆదివారం

చీరాల. బస్టాండు, రైల్వే స్టేషను, రెండు చర్చిలు. టీకొట్టు అతను అలాంటి మనిషిని చూశానన్నాడు, వాడరేవు వైపు పోయాడన్నాడు. వాడరేవు వెళ్ళాను. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు పని ఆపి విన్నారు. ఎవరూ చూడలేదు. ఒకామె నా మొహం చూసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఎవరమ్మా నీకు అని అడిగింది. తమ్ముడన్నాను. పెళ్ళయిందా అంటే, లేదు, ఇద్దరికీ కాలేదు అన్నాను.

అక్టోబరు 30

తెనాలి, బాపట్ల, ఒంగోలు. పేపర్లో ప్రకటన కూడా వేయించాను. ఫోటో బీకాం హాల్‌టికెట్ది. అందులో గడ్డం లేదు, నవ్వు లేదు. వాడిలా లేడు.

నవంబరు 19, శనివారం

ఇవాళ వెళ్ళిన ఊరి ఆసుపత్రిలో గుమస్తా మంచివాడు. రిజిస్టరు నా ముందు పెట్టి చూసుకోండి మేడం అన్నాడు. పది రోజుల్లో చేరిన మగవాళ్ళ పేర్లు కాయితం మీద రాసుకొచ్చాను. ఎక్కడికి వెళ్ళినా అట్లా రాసుకు రమ్మంటారు నాన్న. సాయంత్రం నేను చదువుతుంటే ఒక్కొక్కరి పేరునా ప్రార్థన చేస్తారు. మన అబ్బాయి కోసం ఇంకెవరో చేస్తుంటారు కదమ్మా అంటారు.

బుల్లయ్య, 55. మస్తాను, 30. ఆదాం, 61. నేలయ్య, 40, కూలి. సుభానీ, 35, హమాలీ. దానయ్య, 48. వీరాస్వామి, 22.

ఇమ్మానియేలు లేడు. వార్డు మేడ మీద ఉంది. పైకి వెళ్ళి చూడాలంటే నాలుగింటి దాకా ఆగాలి. బస్సు మూడింటికి. పేరే లేనప్పుడు ఎందుకులే అని వచ్చేశాను. నాన్న ఏడుగురికీ ప్రార్థన చేశారు.

నవంబరు 27, ఆదివారం

అడ్వెంటు మొదటి వారం. ఇక క్రిస్మస్ దాకా చర్చిలో క్రీస్తుని ఇమ్మానియేలూ అని పిలిచే పాటలే, వాడి పేరు వస్తూనే ఉంటుంది. రెండో పాటకి లేచి బయటికొచ్చాను. నాన్న మాత్రం చివరిదాకా కూర్చున్నారు.

డిసెంబరు 3

థీసిస్ సబ్మిట్ చేశాను. నూట నలభై ఆరు పేజీలు.

డిసెంబరు 8, గురువారం

సెకండ్ అవర్లో అటెండరు వచ్చి, గేటు దగ్గర ఎవరో కుంటాయన గొడవ చేస్తున్నాడు మేడం, ఇంగ్లీషు చెప్పే అక్కయ్య కావాలంటాడు అన్నాడు. వెళ్ళాను. కాలికి పిండికట్టు, చంకలో కర్ర. మిరపకాయల యార్డులో హమాలీనన్నాడు. పేరు సుభానీ. పొరుగూళ్ళో సరుకు దించుతుంటే లారీ మీద నుంచి బస్తా పడి కాలు విరిగిందట. నెల రోజులు ఆసుపత్రిలో ఉండి సోమవారం ఇల్లు చేరాడట.

అతను అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. మర్చిపోతానని కాదు. వేరే ఎట్లా రాయాలో తెలియక.

"నేలు వాళ్ళక్క మీరేనామ్మా?" అన్నాడు.

నేనేనన్నాను.

"నా పక్క మంచమే అమ్మా ఆయనది. గడ్డం పెరిగి పెద్దోడిలా ఉండేవాడు. రోడ్డు మీద జ్వరంతో పడి ఉంటే ఎవరో బండిలో చేర్చారంట. పేరేందంటే నేలు అన్నాడంట, ఇంకేం చెప్పలా. నేలయ్యా అని పిలిస్తే పలికేవాడు కాదు. నేలూ అంటేనే కళ్ళు తెరిచేవాడు."

ఇంకేం చెప్పేవాడని అడిగాను. 

"అవేవో పేర్లమ్మా. హాబు, డాబు, వాటు, హిక్కు. నన్ను కూడా చెప్పమనేవాడు. వార్డంతా నవ్వేవాళ్ళం. మీవాళ్ళెవరయ్యా అంటే అక్క ఉంది, గుంటూరులో ఇంగ్లీషు చెబుద్ది అనేవాడు. మరి కబురు పెట్టమంటావా అంటే వద్దనేవాడు. అక్కకి రాతపని ఉంది, అయినాక తనే వస్తది అనేవాడు."

ఎప్పుడు అని అడిగాను.

"రెండు వారాలయిందమ్మా, బుధవారం తెల్లారగట్ల పోయాడు. అప్పటికి రెండ్రోజుల్నుంచీ మాట లేదు. కాలు కదలక ఇన్నాళ్ళూ రాలేకపోయాను. ఈ మూడ్రోజులూ నాలుగు కాలేజీలు తిరిగా."

అతన్ని రిక్షా ఎక్కించానో లేదో గుర్తు లేదు. క్లాసుకి తిరిగి వెళ్ళాను. పాఠం చెప్పాను. గంట కొట్టాక పిల్లలు లేచి వెళ్ళిపోతుంటే ఏం చెప్పానో నాకు తెలియలేదు.

డిసెంబరు 9, శుక్రవారం

అదే గుమస్తా. అదే రిజిస్టరు. నేలయ్య, 40, కూలి, తండ్రి పేరు తెలియదు, ఊరు తెలియదు. న్యుమోనియా. 23-11-83 మృతి. మునిసిపాలిటీ ద్వారా ఖననం.

నేను నిలబడి పేర్లు రాసుకున్నది పంతొమ్మిదిన. వార్డుకి ఎక్కే మెట్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు.

గుమస్తా తప్పేమీ లేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి నేలు అన్నాడు. నేలు అని ఎవరికుంటుంది పేరు, అందుకని గౌరవంగా అయ్య చేర్చాడు. గుమస్తాలు అట్లాగే చేస్తారని నేను నూట నలభై ఆరు పేజీలు రాశాను.

డిసెంబరు 10

శ్మశానంలో గుంటలు తవ్వే ప్రేమదాసు పెద్దవాడు. ఆ వారం ఆసుపత్రి నుంచి ముగ్గురొచ్చారమ్మా, వరసగానే పెట్టాం, తరవాత వాన పడింది, ఏది ఎవరిదో చెప్పలేను అన్నాడు. మీరు ఏదో ఒకటి అనుకోండి అని కూడా అన్నాడు. అతను మంచిగానే అన్నాడు. మూడింటి దగ్గరా కూర్చున్నాను. ఎక్కడా ఏడుపు రాలేదు. బస్సులో నిమ్మకాయలు అమ్మేవాడు ఎక్కితే వచ్చింది.

డిసెంబరు 14, బుధవారం

పేరు మార్పించడానికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. నేలయ్య, ఇమ్మానియేలు ఒకరేనని రుజువు ఏమన్నా ఉందా అని అడిగారు. నేలు అన్న పేరున్న కాయితం ఏదన్నా. స్కూలుది, రేషన్ కార్డు, ఏదైనా. లేదన్నాను. బాప్తిస్మం రిజిస్టరులో? లేదు. బయటి సాక్షులు? ఆ పేరు పిలిచింది మా అమ్మ. లేదు. అక్కడి పెద్దాయన కళ్ళజోడు తీసి, మీరు చదువుకున్నవారు, మీకు తెలియనిదేముంది, పోలిక లేని పేర్లని ఒకటని ఎట్లా రాయమంటారు అన్నాడు.

పోలిక ఉంది అన్నాను. రాబర్టుకీ హాబ్‌కీ ఉన్నంత ఉంది. ఆయన అర్థం కానట్టు చూశాడు. పక్కనున్న గుమస్తా నాకు కుర్చీ వేశాడు.

డిసెంబరు 18, ఆదివారం

నాన్నకి చెప్పాను. పది రోజులు దాచాను. ఎట్లా చెప్పాలో అని ఎన్నో అనుకుని చివరికి అన్నం తింటుండగా చెప్పేశాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పమన్నారు. సుభానీ చెప్పిందంతా చెప్పాను. గడ్డం, జ్వరం, పేర్లు. విన్నారు. తరవాత నెమ్మదిగా, స్కూల్లో లెక్క తప్పు చేసిన పిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"కుమారీ, ఆ నేలయ్యకి నలభై ఏళ్ళు. కూలి. మన వాడికి ఇరవై ఏడు. మతి చలించినవాళ్ళు హాబూ డాబూ అని ఏదైనా అంటారు. ఆ అబ్బాయి కోసం నేనూ ప్రార్థన చేశాను. పాపం, ఎవరి బిడ్డో."

మన బిడ్డే నాన్నా అన్నాను.

"నేలు అని వాడు బయట చెప్పుకోడమ్మా. నువ్వే వద్దన్నావు కదా."

అది నన్ను అనాలని అన్నది కాదు. ఆయనకు అదొక్కటే ఆధారం. అది పట్టుకుని కూర్చున్నారు. నేను లాగలేకపోయాను. కాసేపటికి, వచ్చే వారం ఎటు వెళ్తున్నావు అని అడిగారు.

డిసెంబరు 25

పాస్టరు గారికి విషయం నేనే చెప్పాను. సర్వీసు అయ్యాక ఆయన దగ్గరికి వచ్చి మెమోరియల్ ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందాం అని మెల్లిగా అడిగారు. నాన్న విన్నారు. ఎవరికండీ అన్నారు. పాస్టరు గారు నా వైపు చూశారు. నేను చెప్పుల కోసం వంగాను.

జనవరి 12, 1984

చెంచురామయ్య గారు కాలేజీకే వచ్చి చెప్పారు. ఎగ్జామినర్ చాలా మెచ్చుకున్నాడట. ముఖ్యంగా మూడో చాప్టరు. విన్న పేరుని గుమస్తాలు ఎట్లా మార్చి రాస్తారన్న దాని మీద ఇంత బాగా ఇంతవరకు ఎవరూ రాయలేదన్నాడట. స్వీట్లు ఏవమ్మా అన్నారు. తెప్పిస్తాను సార్ అన్నాను. తెప్పించాను. స్టాఫ్ రూంలో అందరూ తిన్నారు.

జనవరి 22, ఆదివారం

నాన్న పొద్దున్నే లేపారు. టిఫిన్ క్యారియరు తనే తడుముకుంటూ సర్దారు. నాకూ వాడికీ సరిపడా.

సింగరాయకొండలో దిగాను. స్టేషను మాస్టరు గారి గదిలోకి వెళ్ళి, తమ్ముడి కోసం వెతుకుతున్నానని చెప్పాను. నాన్న కోసమని బయల్దేరాను, అక్కడ మాత్రం నిజంగానే అడిగాను. ఆయన పెన్ను తీసి, ఎత్తు ఎంత ఉంటాడమ్మా అన్నారు. అంగుళాల్లో తెలియదు. లేచి నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టి, అక్కణ్ణుంచి ఇంకో జానెడు పైకి ఎత్తి చూపించాను. ఆయన రాసుకునేదాకా దించలేదు.