అంకుల్ అన్నందుకు

శనివారం రాత్రి, ప్లేనో, టెక్సస్, 1984

ఇవాళ్టితో నా డ్రమ్స్ క్లాస్ అయిపోయిందనే అనుకున్నాను. డ్రమ్స్ నేర్పే హోలిస్ గారి గరాజ్‌కి వెళ్ళి ప్రతివారం తల ఊపి కూర్చునేవాణ్ణి. ఇవాళ ధైర్యం చేసి, "పాట చాలా బాగుంది అంకుల్" అన్నాను.

ఆయన వాయించడం ఆపేశారు. "ఆ మాట నన్ను అనకు."

ఇక్కడైనా మాట్లాడదామనుకున్నాను. స్కూల్లో ఎలాగూ నోరు మెదపను. డ్రమ్స్ వాయిస్తూనే తన బ్లూస్ పాటలు తానే పాడే ఈ నల్లజాతి ముసలాయన్ని చూశాకే నాకూ పాడాలనిపించింది.

ఆయనే చెప్పారు. "మా నాన్న పత్తి చేలో పనిచేశాడు. నల్లవాడికి మిస్టర్ అనే గౌరవం ఇవ్వకూడదని, తెల్లవాళ్ళ పిల్లలు కూడా ఆయన్ని అంకుల్ అనేవాళ్ళు. ఇందాకటి పాట ఆయన మీద కట్టిందే."

"మాలో పెద్దవాళ్ళందర్నీ అలాగే అంటాం. గౌరవంగా" అన్నాను.

ఆయన స్టిక్స్ నా చేతికిచ్చారు.

ఇంతలో అమ్మ కార్ ఆపి, "ఏరా, అంకుల్‌కి బై చెప్పావా?" అని అరిచింది. నా ప్రాణం పోయినంత పనయింది.

ఆయన నావైపు చూసి, అమ్మవైపు చెయ్యి ఊపారు. "బై, ఆంటీ!"

దారంతా అమ్మ ఒకటే ఉడుక్కోవడం. "అంత పెద్దాయనకి నేను ఆంటీనంట్రా?"

నవ్వొచ్చింది కానీ నిద్ర రావడం లేదు. ఆయన కోపం పోయిందో, అమ్మని చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అన్నారో... వచ్చే శనివారం మాత్రం మిస్టర్ హోలిస్ అనే పిలుస్తాను. గట్టిగానే.