నువ్వు లేచి వెళ్లిన మీటింగు

బావా,

నీ క్షేమం అడగను, పేపర్లో ఫోటో చూశాను. కంపెనీల్లో ఫైనాన్స్ చూశావు, విలీనాలకు సలహాలిచ్చావు, కాలేజీలో పాఠాలు చెప్పావు, చివరికి వచ్చి మా కంపెనీ బోర్డులోనే కూర్చున్నావు. నేనింకా చేరిననాటి కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాను.

మొన్న బోర్డులో నా ప్రమోషన్ మాట రాగానే, "ఆయన మా చెల్లెలి భర్త, నేనిక్కడ ఉండకూడదు" అని లేచి బయటికెళ్లావట. నువ్వు లేని గదిలో నాకది దక్కింది. ఆ మాట చెబుదామని ఇంటికి పరిగెత్తాను. మీ చెల్లెలు అప్పటికే కళ్లొత్తుకుంటోంది: "మా అన్నయ్యది ఎంత నిజాయితీయో విన్నారా?" ఆఫీసులోనూ అదే పాట.

ఇంకోసారి నా విషయం వస్తే గదిలోనే ఉండి, వద్దని చెయ్యెత్తు. అప్పుడైనా నన్ను చూసి ఎవరో ఒకరు అయ్యో అంటారు.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త. ఆఫీసులో ఇప్పుడు నా పేరిదే.